రెండు ఫోన్లు, ఒక టేపు: వైఫై సిగ్నల్‌తో ఇంటికి త్రీడీ పటం గీయడం ఎలా?

వైఫై తరంగం ఒక చోట బయల్దేరి మీ ఫోన్‌కి చేరేలోపు దారిలో ప్రతి గోడ దగ్గరా, స్తంభం దగ్గరా, బీరువా దగ్గరా కొంత బలం పోగొట్టుకుంటుంది. చివరికి ఎంత బలం మిగిలిందో ఫోన్ ఎప్పటికప్పుడు కొలుస్తూనే ఉంటుంది. ఆ అంకెల్ని ఇంట్లో వందల చోట్ల, వేర్వేరు ఎత్తుల్లో పోగుచేస్తే గోడలూ బరువైన సామానూ ఎక్కడున్నాయో లెక్కలోంచి రాబట్టవచ్చు.

ఇది జరిగిన పనే. 2017లో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యాస్మిన్ మొస్తోఫీ బృందం రెండు డ్రోన్లను ఇటుక కట్టడం చుట్టూ తిప్పింది. ఒకటి వైఫై పంపుతుంటే రెండోది అందుకుంది. అలా అందిన సిగ్నల్ బలం ఒక్కదానితోనే గోడ లోపల ఏముందో త్రీడీలో గీశారు. అంతకు ముందే, 2010లో, యూటా విశ్వవిద్యాలయంలో జోయీ విల్సన్, నీల్ పత్వారీ రేడియో టోమోగ్రఫీ అనే ఇదే తరహా లెక్కను వివరంగా ప్రచురించారు. మనం ఇంట్లో చేయబోయేది ఆ పద్ధతే. డ్రోన్ల బదులు రెండు ఫోన్లు, ఓపిక కావాలి.

ముందుగా ఒక మాట: ఎంత స్పష్టత ఆశించాలి?

గోడ అవతలి మనిషి ముఖం కనిపించేలా చూపించే వీడియోలు నమ్మకండి. రేడియో తరంగం వస్తువుకి తగిలి వెనక్కి వచ్చే సమయాన్ని బట్టి దూరం పోల్చాలంటే ఎంత వెడల్పు ఫ్రీక్వెన్సీ పట్టీ వాడుతున్నామన్నదే ముఖ్యం. 20 మెగాహెర్ట్జ్ వైఫై ఛానెల్‌తో 7.5 మీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు వస్తువుల్ని విడదీయలేం. 160 మెగాహెర్ట్జ్ వాడితే అది 94 సెంటీమీటర్లకు దిగుతుంది. కొన్ని ఖరీదైన ఫోన్లలో ఉండే అల్ట్రా వైడ్‌బ్యాండ్ చిప్ 500 మెగాహెర్ట్జ్ వాడుతుంది కాబట్టి 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది.

అందుకే మనం ప్రతిధ్వని మీద ఆధారపడం. తరంగం గోడలోంచి దూసుకొచ్చేటప్పుడు తగ్గిన బలం మీద ఆధారపడతాం. ఈ దారిలో సుమారు అర మీటరు గడుల పటం వస్తుంది. తొమ్మిది అంగుళాల గోడ ఎక్కడుంది, స్తంభం ఎక్కడుంది, ఇనప బీరువా ఏ మూల ఉంది అన్నది తేలుతుంది. కుర్చీలూ, తలుపు గడియలూ తేలవు. గది ఆకారమే అచ్చంగా కావాలంటే 2020లో వచ్చిన ఐఫోన్ 12 ప్రో నుంచి కొన్ని మోడళ్లలో ఉన్న లైడార్ వాడటం మేలు. కానీ లైడార్ కాంతితో పనిచేస్తుంది, గోడ దాటి చూడలేదు.

కావలసినవి

ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి కొలవడానికి, ఇంకో ఫోన్ హాట్‌స్పాట్‌గా పెట్టడానికి. రూటర్ కూడా వాడొచ్చు గానీ ఫైబర్ కేబుల్ ఒకే మూలకి కట్టుబడి ఉంటుంది. ఈ పనికి దాన్ని ఇంటినిండా తిప్పాలి. ఫైబర్ తీగ లాగి వంచితే కనెక్షనే పోతుంది. హాట్‌స్పాట్ ఫోన్ అయితే బ్యాటరీతో ఎక్కడైనా ఉంటుంది, డేటా కూడా ఖర్చు కానక్కర్లేదు. కొలిచే వైపు ఐఫోన్ పనికిరాదు, చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌ల సిగ్నల్ బలాన్ని బయటి యాప్‌లకు ఆపిల్ ఇవ్వదు.

వీటితోపాటు కొలత టేపు, సుద్దముక్క, సెల్ఫీ స్టిక్, ప్లాస్టిక్ స్టూలు, లెక్కలకి పైథాన్ ఉన్న కంప్యూటర్. యాప్ విషయానికొస్తే వైఫై ఎనలైజర్ అనే ఓపెన్ సోర్స్ యాప్ సరిపోతుంది. కమాండ్లు అలవాటున్నవాళ్లు టెర్మక్స్, దానికి తోడుగా వచ్చే టెర్మక్స్ ఏపీఐ వేసుకుంటే రీడింగులు నేరుగా ఫైల్లోకే పోతాయి. చేత్తో రాసుకునే బాధ తప్పుతుంది.

మొదటి అడుగు: ఫోన్లను సిద్ధం చేయడం

కొలిచే ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కి ఆ అనుమతి ఇవ్వండి. అది లేకపోతే ఆండ్రాయిడ్ వైఫై వివరాలు ఇవ్వదు. తర్వాత డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి వైఫై స్కాన్ థ్రాట్లింగ్ ఆపేయండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఒక యాప్ రెండు నిమిషాల్లో నాలుగుసార్లకు మించి స్కాన్ చేయకుండా కట్టడి ఉంది. దాన్ని ఆపే మీట ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చింది. ఈ ఒక్క సెట్టింగ్ మరిచిపోతే పాత అంకే మళ్లీమళ్లీ తెరమీద కనిపిస్తుంటుంది, మీరు కొత్త రీడింగ్ అనుకుని రాసేసుకుంటారు. బ్యాటరీ సేవర్ తీసేయండి, మెటల్ కవర్ ఉంటే విప్పేయండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఫోన్‌తో కొలవండి, ఎందుకంటే పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లే అయిదారు డెసిబెల్స్ (సిగ్నల్ బలంలో హెచ్చుతగ్గుల్ని కొలిచే ప్రమాణం) తేడా చూపించగలవు.

హాట్‌స్పాట్ ఫోన్‌లో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. ఎవరూ కనెక్ట్ కాకపోతే దానంతటదే ఆగిపోయే ఆప్షన్ ఉంటే తీసేయండి. పేరు తేలిగ్గా గుర్తుపట్టేలా పెట్టండి. హాట్‌స్పాట్ ఆపి మళ్లీ వేసినప్పుడు చాలా ఫోన్లలో దాని హార్డ్‌వేర్ చిరునామా మారిపోతుంది, అందుకే పేరు చూసే రీడింగ్ తీసుకోవాలి. ఛానెల్ కూడా మారొచ్చు, ప్రతి విడతలోనూ ఫ్రీక్వెన్సీ రాసి పెట్టుకోండి.

5 గిగాహెర్ట్జ్ ఎందుకు వద్దంటే, దాని తరంగదైర్ఘ్యం సుమారు 6 సెంటీమీటర్లు, గోడల్లో త్వరగా చచ్చిపోతుంది. మూడో గదికి చేరేసరికి కొలవడానికి ఏమీ మిగలదు. 2.4 తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, అది గోడలు దాటగలదు. మొదటి పటం దీనితోనే వేయండి.

రెండో అడుగు: మేడ మీద కొలబద్ద తయారుచేసుకోవడం

గోడ ఎంత తిన్నదో తెలియాలంటే గోడ లేకుండా ఎంత రావాలో ముందు తెలియాలి. దీనికి డాబా పైభాగమో, ఖాళీ స్థలమో మంచిది. హాట్‌స్పాట్ ఫోన్‌ని ప్లాస్టిక్ స్టూలు మీద నిలబెట్టి 1, 2, 4, 8 మీటర్ల దూరంలో కొలవండి. ఇనప బల్ల మీద పెట్టొద్దు, అది తరంగాన్ని తిప్పికొట్టి లెక్క చెడగొడుతుంది. అడ్డేమీ లేనప్పుడు దూరం రెట్టింపైతే సిగ్నల్ 6 డెసిబెల్స్ తగ్గాలి. మీ అంకెలు దీనికి దగ్గరగా ఉంటే సరే, లేకపోతే నేల, పిట్టగోడ నుంచి వచ్చే తరంగాలు కలుస్తున్నాయన్నమాట. కాస్త జరిగి మళ్లీ చూడండి.

ఫోన్ యాంటెన్నా అన్ని దిక్కులకూ సమానంగా పంపదు. హాట్‌స్పాట్ ఫోన్‌ని పావు వంతు చొప్పున తిప్పి నాలుగు దిక్కుల్లోనూ కొలిచి సగటు తీయండి. త్రీడీకి ఎత్తు కూడా ముఖ్యం కాబట్టి మీటరు దూరంలోనే పైనా, కిందా కూడా చూడండి. రూటర్ వాడేవాళ్లకి ఇది ఇంకా అవసరం: పుల్లలా నిలబడే యాంటెన్నా తన కొనవైపు దాదాపు ఏమీ పంపదు. నిలువుగా పెట్టిన యాంటెన్నాకి సరిగ్గా పైన సిగ్నల్ తక్కువ రావడం చూసి శ్లాబు మింగేసిందనుకుంటారు, నిజానికి అక్కడికి అసలు పంపనే లేదు.

మూడో అడుగు: ఇంటిని గడులుగా విడగొట్టడం

మన ఇళ్లలో టూ బై టూ టైల్స్ ఉంటే సగం పని అయిపోయినట్టే. ఒక్కో టైలు 60 సెంటీమీటర్లు. రెండు టైల్స్‌కి ఒక బిందువు చొప్పున తీసుకుంటే 1.2 మీటర్ల గడి తయారవుతుంది. గచ్చు నేలయితే సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి.

9.6 మీటర్ల పొడవు, 7.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఇల్లు తీసుకుందాం. పొడవునా 8, వెడల్పునా 6, మొత్తం 48 బిందువులు. ప్రతి బిందువు దగ్గరా మూడు ఎత్తులు: 0.3, 1.5, 2.7 మీటర్లు. అంటే 144 కొలతలు. చివరి ఎత్తుకి సెల్ఫీ స్టిక్ కావాలి. వీధి గుమ్మం ఎడమ మూలని సున్నాగా పెట్టుకుని ప్రతి బిందువుకీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడంకెలు రాయండి. మంచమో సోఫానో అడ్డొచ్చిన బిందువుని వదిలేయండి, అంచనాగా నింపొద్దు.

అసలు కష్టం సిగ్నల్ కొలవడం కాదు, ఎక్కడ నిలబడి కొలిచామో కచ్చితంగా తెలిసి ఉండటం. టేపు పట్టే ఓపిక లేనివాళ్లు గూగుల్ ఏఆర్‌కోర్ ఉన్న యాప్‌తో ఫోన్ స్థానాన్ని కెమెరా ద్వారా పట్టుకోవచ్చు. అయితే నడిచేకొద్దీ అందులో కొంచెం కొంచెం జారుడు చేరుతుంది కాబట్టి ప్రతి గదిలోనూ తెలిసిన ఒక గుర్తు దగ్గరికి వచ్చి సరిచూసుకోవాలి. మొదటిసారి చేసేవాళ్లకి టేపే నయమని నా గట్టి నమ్మకం.

నాలుగో అడుగు: హాట్‌స్పాట్‌ని ఆరు చోట్ల పెట్టడం

ఒకే చోట నుంచి సిగ్నల్ పంపితే కిరణాలన్నీ అక్కడి నుంచే విచ్చుకుంటాయి. దారిలో 10 డెసిబెల్స్ పోయాయని తెలుస్తుంది గానీ మొదట్లో పోయాయా, చివర్లో పోయాయా తెలియదు. ఆసుపత్రిలో సీటీ స్కాన్ యంత్రం మనిషి చుట్టూ తిరిగేది కూడా ఇందుకే. వేర్వేరు దిక్కుల కిరణాలు ఒకదాన్నొకటి ఖండించుకున్న చోటే అడ్డం ఎక్కడుందో తేలుతుంది.

కాబట్టి నాలుగు మూలలూ, రెండు పొడవాటి గోడల మధ్యలూ కలిపి ఆరు చోట్లు ఎంచుకోండి. మూడు చోట్ల నేలకు దగ్గరగా, మూడు చోట్ల అటక మీదో అంత ఎత్తులోనో పెట్టండి. అన్నీ ఒకే ఎత్తులో పెడితే పటం చదునుగా వస్తుంది, పైనా కిందా తేడా తెలియదు. ఆరు చోట్లకీ 144 చొప్పున 864 కొలతలు. ఒక్కోదానికి అర నిమిషం వేసుకున్నా ఒక విడతకి గంటకు పైగా పడుతుంది. ఒక ఆదివారంలో అన్నీ ముగించాలని హడావుడి పడకండి. కానీ ఒక విడత మొదలుపెట్టాక మధ్యలో ఆపొద్దు, తలుపులు ఎలా ఉన్నవి అలాగే ఉండాలి, ఇంట్లోవాళ్లు అటూ ఇటూ తిరగకుండా ఉంటే మంచిది.

అయిదో అడుగు: రీడింగ్ తీయడం

ఇక్కడ జాగ్రత్త పడితే మిగతా అంతా నడుస్తుంది. గదిలో తరంగాలు గోడలకి తగిలి తిరిగొచ్చి ఒకదానితో ఒకటి కలుస్తాయి. కొన్నిచోట్ల బలపడతాయి, కొన్నిచోట్ల రద్దవుతాయి. ఫోన్‌ని ఆరు సెంటీమీటర్లు జరిపితే చాలు, అంకె 10 డెసిబెల్స్ దాకా మారొచ్చు. అది గోడ వల్ల వచ్చిన మార్పు కాదు. అందుకే ఫోన్‌ని ఒక బిందువు దగ్గర కదలకుండా పట్టుకోవద్దు. జానెడు వెడల్పు వలయంలో మెల్లగా తిప్పుతూ పది రీడింగులు తీసుకుని మధ్యగతం, అంటే వాటిని వరుసలో పేర్చితే నడిమిన వచ్చే విలువ రాయండి. సగటు కంటే మధ్యగతం మేలు, ఒకటి రెండు పిచ్చి అంకెలు వచ్చినా అది చెదరదు. కొత్త బిందువుకి వెళ్లగానే కొన్ని సెకన్లు ఆగండి, చాలా ఫోన్లు పాత విలువని కొంచెంసేపు పట్టుకునే ఉంటాయి.

మన ఒళ్లు కూడా అడ్డమే. శరీరంలో నీళ్లే ఎక్కువ, నీళ్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని బాగా పీల్చుకుంటాయి. హాట్‌స్పాట్‌కీ ఫోన్‌కీ మధ్య మీరు నిలబడితే మీరే ఒక గోడగా పటంలోకి ఎక్కుతారు. స్టిక్ చివర ఫోన్ పెట్టి, హాట్‌స్పాట్ వైపు తిరిగి, ఫోన్ మీకు ముందుండేలా పట్టుకోండి.

ఆరో అడుగు: లెక్క

ప్రతి కొలతకీ ముందు లోటు కనుక్కోవాలి. మేడ మీద మీటరు దూరంలో మైనస్ 38 డీబీఎం వచ్చిందనుకుందాం (డీబీఎం అంటే ఫోన్ చూపించే సిగ్నల్ బలం, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం). హాట్‌స్పాట్ 0.6, 0.6, 1.5 దగ్గర ఉంది. కొలిచింది 4.2, 5.4, 1.5 దగ్గర. పొడవులో తేడా 3.6, వెడల్పులో 4.8, కాబట్టి దూరం 6 మీటర్లు. దూరానికి పది ఆధారంగా లాగరిథమ్ తీసి 20తో గుణిస్తే 15.6. అడ్డం లేకపోతే మైనస్ 53.6 రావాలి. మీకు మైనస్ 66 వచ్చింది. లోటు 12.4 డెసిబెల్స్. ఈ కిరణం దారిలో ఒకటి కంటే ఎక్కువ గోడలో, లేదా స్తంభమో బీరువానో ఉన్నట్టే.

ఇప్పుడు ఇంటిని 60 సెంటీమీటర్ల ఘనాలుగా ఊహించుకోండి: 16, 12, 5 చొప్పున మొత్తం 960. ప్రతి ఘనం మీటరుకి ఎన్ని డెసిబెల్స్ తింటుందో అదే మనకు తెలియని సంఖ్య. కిరణం ఏయే ఘనాల్లోంచి ఎంత పొడవు వెళ్లిందో లెక్కవేసి, ఆ పొడవుల్ని ఆయా సంఖ్యలతో గుణించి కలిపితే లోటు రావాలి. ఒక్కో కొలత ఒక్కో సమీకరణం. పొడవు కనుక్కోవడానికి సులువైన దారి: కిరణాన్ని సెంటీమీటరుకో చుక్క చొప్పున ముక్కలు చేసి, ఏ ఘనంలో ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టించండి. పైథాన్‌లో నమ్‌పై అనే లెక్కల లైబ్రరీతో పది పదిహేను లైన్ల పని.

864 సమీకరణాలు, 960 తెలియని సంఖ్యలు. సరిపోవు. కాబట్టి రెండు షరతులు అదనంగా పెట్టాలి. ఒకటి, ఏ ఘనమూ సిగ్నల్‌ని పెంచదు, కాబట్టి విలువ సున్నాకి తగ్గకూడదు. సైపై అనే ఇంకో పైథాన్ లైబ్రరీలో ఇందుకోసం ఎన్ఎన్ఎల్ఎస్ అనే ఫంక్షన్ ఉంది. రెండు, పక్కపక్క ఘనాల మధ్య తేడా తక్కువ ఉండాలి. పక్క ఘనాల జతకి ఒక్కోటి చొప్పున, తేడా సున్నా అనే సమీకరణాన్ని చిన్న బరువుతో చేర్చితే చాలు. ఆ బరువు మరీ పెంచితే ఇల్లంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది, తగ్గిస్తే చుక్కలు చుక్కలుగా చిందరవందరగా వస్తుంది. సరైన విలువ తెలియడానికి పదింట ఒక వంతు కొలతల్ని లెక్కలో కలపకుండా దాచండి. వచ్చిన పటం ఆ దాచిన కొలతల్ని ఎంత దగ్గరగా చెప్పగలిగిందో చూసి బరువు సర్దండి.

ఏడో అడుగు: బొమ్మ, దాని నమ్మకం

ముందు తేలిక పద్ధతి: అయిదు ఎత్తులకీ అయిదు షీట్లు ఎక్సెల్‌లో పెట్టి విలువని బట్టి రంగులు వేయండి. గోడల గీతలు ఇక్కడే కనిపిస్తాయి. తిప్పి చూసే త్రీడీ బొమ్మ కావాలంటే ప్లాట్లీ అనే బొమ్మలు గీసే లైబ్రరీ వాడి ఫలానా విలువ దాటిన ఘనాలు మాత్రమే కనిపించేలా చేయండి.

ప్రతి ఘనంలోంచి ఎన్ని కిరణాలు పోయాయో కూడా లెక్కపెట్టి, తక్కువ పోయిన ఘనాల్ని బూడిద రంగులో చూపించండి. మూలల్లో, కప్పు అంచుల్లో కనిపించే మచ్చల్లో చాలావరకు గోడలు కావు. ఇంకో చిక్కు తలుపులు. తరంగం దట్టమైన గోడలోంచి రావడం మానేసి తెరిచిన గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వస్తుంది, మన లెక్క మాత్రం సూటిగా వచ్చిందనుకుంటుంది. అందువల్ల గుమ్మం పక్క గోడ ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది.

పటం నిజమో కాదో పరీక్షించడానికి ఒక పెద్ద నీళ్ల డ్రమ్ము చాలు. ఖాళీ డ్రమ్ముని హాలు మధ్యలో పెట్టి ఒకసారి, నిండా నీళ్లు పోసి ఇంకోసారి దాని చుట్టుపక్కల బిందువుల్లో మాత్రం కొలవండి. రెండింటి తేడాకే లెక్క కట్టండి. గోడలు, సామాను, యాంటెన్నా లోపాలు రెండింట్లోనూ ఒకటే కాబట్టి కొట్టుకుపోతాయి, నీళ్లు మాత్రమే మిగులుతాయి. మచ్చ డ్రమ్ము ఉన్న గడిలో తేలితే మీ కొలతలు మంచివి. పక్క గడిలో తేలితే బిందువుల అంకెల్లో ఎక్కడో పొరపాటుంది.

ఇంకొంచెం ముందుకు వెళ్లాలంటే

దూరాన్నే నేరుగా కొలిచే పద్ధతి వైఫై ఆర్‌టీటీ. తరంగం వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని ఫోన్ కొలుస్తుంది, ఒక నానోసెకనులో తరంగం 30 సెంటీమీటర్లు పోతుంది. ఆండ్రాయిడ్ 9తో, అంటే 2018లో ఇది వచ్చింది. ఫోనూ, రూటరూ రెండూ దీన్ని ఒప్పుకోవాలి. గూగుల్ వైఫై ఆర్‌టీటీ స్కాన్ యాప్ వేసి చూస్తే మీ చుట్టూ అలాంటివి ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. ఒకటి రెండు మీటర్ల తేడాతో దూరం చెబుతుంది కాబట్టి గోడల పటానికి చాలదు, పెద్ద భవనంలో మీరు ఏ గదిలో ఉన్నారో పట్టడానికి బాగుంటుంది.

మనిషి కదలికలు పట్టాలంటే సీఎస్ఐ కావాలి. అంటే ఒక్క బలం అంకె కాదు, ఛానెల్‌లోని ఒక్కో చిన్న పౌనఃపున్యం ఎంత బలంగా, ఏ దశలో వచ్చిందన్న సమాచారం. మామూలు ఫోన్లు దీన్ని బయటికివ్వవు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు తయారుచేసిన నెక్స్‌మాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో నెక్సస్ 5 లాంటి పాత ఫోన్ల నుంచి రాబట్టవచ్చు. అంతకన్నా సులువైనది ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు. కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, దాని తయారీ సంస్థే సీఎస్ఐ కోడ్‌ని ఉచితంగా ఇస్తోంది. ఫోన్ హాట్‌స్పాట్‌ని ఒక గోడ దగ్గర, బోర్డుని ఎదుటి గోడ దగ్గర పెడితే మధ్యలో ఎవరు నడిచినా గ్రాఫ్ ఊగుతుంది.

ఫోన్‌లోనే రాడార్ ఉండటం కూడా ఒకసారి జరిగింది. గూగుల్ 2019లో పిక్సెల్ 4లో 60 గిగాహెర్ట్జ్ సోలీ చిప్ పెట్టింది. మన దేశంలో ఆ పట్టీకి అనుమతి లేకపోవడంతో ఆ ఫోన్ ఇక్కడ అమ్మకానికే రాలేదు.

పొరుగువారి విషయం

అపార్ట్‌మెంట్‌లో ఉంటే మీ కొలతల్లో పక్క ఫ్లాటు నెట్‌వర్క్‌లు కూడా నమోదవుతాయి. వాటిని ఫైల్లోంచి వెంటనే తీసేయండి, మీ హాట్‌స్పాట్ పేరున్న వరుసలు మాత్రమే ఉంచుకోండి. పక్కింటి గోడ అవతల ఎవరు ఎప్పుడు తిరుగుతున్నారో కనిపెట్టడానికి సీఎస్ఐ వాడటం వాళ్ల ఇంట్లోకి తొంగి చూడటమే, అలాంటి పని చేయొద్దు. సొంత ఇంట్లో చేసినా అందరికీ చెప్పి చేయండి.

పటాన్ని ఇతరులతో పంచుకునేటప్పుడు రూటర్ హార్డ్‌వేర్ చిరునామా ఉన్న నిలువు వరుస కూడా కొట్టేయాలి. ఫోన్లు తమ లొకేషన్ తెలుసుకోవడానికి ఇలాంటి చిరునామాల జాబితాలే వాడతాయి కాబట్టి ఆ అంకె బయటపడితే మీ ఇల్లు ఎక్కడుందో వెతికి పట్టుకునే వీలుంటుంది. ఫైల్లో దూరాలు, ఎత్తులు, డెసిబెల్స్ ఉంటే చాలు, లెక్క తిరిగి చేయాలనుకునేవాళ్లకి అంతకు మించి అక్కర్లేదు.